జర్మన్‌లో తప్పుపట్టే మాటలు నర్సుకెందుకు?

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి, జర్మనీ వెళ్లాలని హైదరాబాద్‌లో జర్మన్ నేర్చుకుంటున్నాను. ఇప్పుడు బీ2 (భాషా స్థాయుల్లో నాలుగోది) తరగతులు నడుస్తున్నాయి. విమర్శ, అసమ్మతి తెలిపే క్రియలంటూ మా టీచర్ ఒకేసారి ఇరవైకి పైగా ఇచ్చారు. నిఘంటువులో అన్నింటికీ దాదాపు ఒకటే అర్థం. రోగులకు సేవ చేయబోయేదానికి ఈ తిట్ల చిట్టా ఎందుకు? వదిలేసి మందులు, జబ్బుల పేర్లు చదువుకోవచ్చా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వదిలేయకండమ్మా. జబ్బుల పేర్లలో చాలావరకు లాటిన్, గ్రీకు మూలాలవే, నర్సింగ్‌లో ఎలాగూ చదివారు. వార్డులో మిమ్మల్ని తికమక పెట్టేవి ఈ క్రియలే. ఇరవైనీ బట్టీ పట్టడం మాత్రం దండగ. ఏ మాటకు ఎంత బరువుందో ముందు తెలుసుకోండి.

అన్నిటికన్నా తేలిక ‘మెకర్న్’. మేక అరుపుకు జర్మన్‌లో వాడే క్రియ ఇదే. తెలుగువాళ్లకు ఇంతకంటే సులువుగా గుర్తుండే మాట ఇంకొకటి దొరకదు! టీ చల్లారిందని పెద్దాయన గొణిగితే అది మెకర్న్, నవ్వి వేడి టీ ఇస్తే సరిపోతుంది. ‘బెమెంగెల్న్’ అలా కాదు. ‘మాంగెల్’ అంటే లోపం. రికార్డులో సంతకం లేదని ఎత్తిచూపడం లాంటిది. అందులో తప్పుపట్టేది పనిని, మిమ్మల్ని కాదు. ‘ఎర్‌మానెన్’ అంటే మందలించడం. అదే ‘ఆబ్‌మానెన్’ అన్నారంటే జాగ్రత్తపడాలి. ‘ఆబ్‌మానుంగ్’ యజమాని ఇచ్చే అధికారిక హెచ్చరిక, సాధారణంగా రాతపూర్వకంగానే ఉంటుంది. అదే తప్పు మళ్లీ జరిగితే ఉద్యోగం పోవచ్చు. ముందు చేరే ఎర్, ఆబ్ అనే చిన్న ఉపసర్గల తేడాతో ఇంత దూరం!

ఇక విభక్తులు. మనవాళ్లు ఎక్కువగా జారిపడేది ఇక్కడే. ‘క్రిటిజీరెన్’తో ఇబ్బంది లేదు, తెలుగులో లాగే ‘నన్ను’ విమర్శించడం. ‘ఫోర్‌వెర్ఫెన్’ అంటే అక్షరాలా ముందు విసరడం, అంటే తప్పును తెచ్చి మన ముందు పడేయడం. అందుకే ‘నిన్ను తప్పుపట్టడం లేదు’ అనడానికి ‘ఇష్ వెర్ఫె డియర్ నిష్ట్స్ ఫోర్’ అంటారు. ‘డియర్’ అంటే నీకు. ‘నిన్ను’ అని మనసులో అనుకుని ‘డిష్’ వాడారో, తప్పు. ‘షింప్ఫెన్’లో ‘నన్ను తిట్టింది’ అనేది ‘నాతో’ అయిపోతుంది: ‘జీ హాట్ మిట్ మియర్ గెషింప్ఫ్ట్’. మనం హెడ్ నర్సుకు ఫిర్యాదు చేస్తాం, వాళ్లు హెడ్ నర్సు ‘వద్ద’ చేస్తారు: ‘జిష్ బెష్వేరెన్’తో మనిషికి ‘బై’, విషయానికి ‘యూబర్’ (గురించి). అందులోని ‘జిష్’ మరిచిపోతే ఫిర్యాదు పోయి, ఏదో ఒకదాని మీద బరువు పెట్టడం అవుతుంది. అందుకే క్రియను ఒంటరిగా రాసుకోవద్దు, విభక్తితో కలిపి ఒక చిన్న వాక్యంగా రాసుకోండి.

గోథె ఇన్‌స్టిట్యూట్ పెట్టే బీ2 పరీక్షకూ ఇవి కావాలి. రాతలో ఒక విషయంపై మీ అభిప్రాయం చెప్పాలి, మౌఖికంలో ఎదుటివారితో వాదించాలి. అయితే నాకు పరీక్షకన్నా ముఖ్యంగా కనిపించేది వేరొకటి. పెద్దవాళ్ల ముందు నోరెత్తకపోవడమే మర్యాదని మనకు నేర్పారు. జర్మన్ వార్డులో సిబ్బంది చాలక రోగుల భద్రతకు ప్రమాదముంటే, నర్సు ‘యూబర్‌లాస్టుంగ్స్‌ఆన్‌ట్సైగె’ అనే లిఖిత హెచ్చరిక యాజమాన్యానికి ఇస్తుంది. అది ఎదురు తిరగడం కాదు. మౌనంగా భరించి, ఏదైనా జరిగాక ‘ముందే ఎందుకు చెప్పలేదు’ అనిపించుకోవడమే అక్కడ చిక్కు.

ఒక్కోసారి విమర్శ మెచ్చుకోలు వేషంలోనూ వస్తుంది. ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే ధ్రువపత్రంలో మాటలు సానుకూలంగా ఉండాలని అక్కడి న్యాయస్థానాలు చెబుతున్నాయి. అందువల్ల ‘ఆమె ప్రయత్నించింది’ అని రాస్తే, ప్రయత్నించింది గానీ పని చేతకాలేదని చదువుకుంటారు. పొగిడారని మురిసిపోయి ఆ కాగితాన్ని తర్వాతి ఆసుపత్రికి పట్టుకెళ్లవద్దు.

మీ జాబితాలో నేను చెప్పిన ఎనిమిది క్రియలతో మొదలుపెట్టండి. ‘మిస్‌బిలిగెన్’ (ఆమోదించకపోవడం), ‘టాడెల్న్’ (తప్పుపట్టడం) వంటివి పత్రికలో ఎదురైనప్పుడు గుర్తుపట్టగలిగితే ప్రస్తుతానికి చాలు.