బస్సులో ల్యాప్‌టాప్ పడితే హార్డ్ డిస్క్ గతేంటి?

ప్రశ్న: అన్నా, రోజూ తిరుపతి నుంచి చిత్తూరుకి బస్సులో పోయొస్తా, పాత ల్యాప్‌టాప్ ఆన్‌లోనే బ్యాగులో పెట్టేస్తా. కింద పడినా సెన్సార్ కాపాడుతుందంట, నిజమేనా?

జవాబు: సెన్సార్ ఉండేది నిజమే, ఐబీఎం 2003లోనే థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌లో పెట్టింది, పడబోతోందని తెలిస్తే హార్డ్ డిస్క్‌లో డేటా చదివే, రాసే హెడ్‌ని పక్కకి లాగేస్తుంది, కానీ అన్ని మోడల్స్‌లో ఉండదు తమ్ముడూ. డిస్క్ నిమిషానికి 5400 సార్లు తిరుగుతా ఉంటే హెడ్ దానిపైన వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎత్తులో తేలుతుంటుంది, అప్పుడు గట్టిగా కుదుపు తగిలితే గీత పడి డేటా పోవచ్చు. బస్సెక్కే ముందు షట్‌డౌన్ చెయ్, అప్పుడు హెడ్ పక్కకి పోయి పార్క్ అయిపోతుంది. వీలైతే హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ (చిప్‌లలో డేటా దాచేది) వేయించుకో, దాంట్లో తిరిగే పార్టులే ఉండవు (బ్యాకప్ మాత్రం దానికీ కావాల్సిందే). పడ్డాక టిక్ టిక్ సౌండ్ వస్తే మాత్రం మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడొద్దు, ఉన్న డేటా కూడా పోతుంది.