గేదెకు కాల్షియం కాదు, కడుపులో తీగ ఉందేమో చూపించండి

ప్రశ్న: మా ముర్రా గేదె ఈని ఐదు నెలలైంది. రెండు వారాలుగా మేత సరిగా ముట్టడం లేదు. కడుపుబ్బరం తగ్గినట్లే తగ్గి మళ్లీ వస్తోంది. పూటకు 4 లీటర్ల పాలు ఒకటిన్నరకు పడిపోయాయి. ముందు కాళ్లు ఎడంగా పెట్టి నిలబడుతోంది, పడుకోవడానికి జంకుతోంది. కాల్షియం లోపమని మందుల దుకాణం వాళ్లు రెండు సీసాలు ఎక్కించారు. గుణం లేదు. ఇంకా ఎన్ని ఎక్కించాలి? ఇల్లు కడుతున్నందున వేరుశనగ కట్టె వామి ఇసుక పక్కనే వేశాం.
– ఒక రైతు, జమ్మలమడుగు మండలం, కడప జిల్లా

జవాబు: ఇక ఒక్క సీసా కూడా వద్దు. కాల్షియం తగ్గి వచ్చే పాలజ్వరం ఎక్కువగా ఈనిన 72 గంటల లోపు కనిపిస్తుంది. ఐదో నెలలో ఈ లక్షణాలతో రాదు. పైగా నరంలోకి వేగంగా ఎక్కిస్తే గుండె ఆగి పశువు అక్కడే పడిపోవచ్చు. జ్వరం కూడా చూడకుండా సీసా ఎత్తేవారి చేతికి పశువును అప్పగించకండి.

అసలు సంగతి మీరు చివర్లో రాశారు. సెంట్రింగ్ కట్టుతీగ ముక్కలు వామిలో పడి ఉంటాయి. గేదె మేతను నాలుకతో చుట్టి, నమలకుండానే మింగుతుంది. ఇనుము పశువుకున్న నాలుగు పొట్టల్లో రెండోదానిలో చేరుతుంది. ఆ పొట్ట బిగిసినప్పుడల్లా తీగ మొన గోడలోకి దిగుతుంది. ముందువైపు పలుచని పొర అవతలే గుండె ఉంది.

ఈ రోజే పశువైద్యుణ్ణి పిలవండి, లేదా పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి. గంగడోలుకు నీరు దిగిందా, మెడ నరం తాడులా ఉబ్బిందా చూసి చెప్పండి. ఈ రెండూ ఉంటే తీగ గుండె దాకా వెళ్లినట్లే. అప్పుడు ఆపరేషన్ చేసినా బతకడం కష్టం. లేకుంటే, ముందు కాళ్ల కింద నేల 15–20 సెంటీమీటర్లు ఎత్తు చేసి 10–14 రోజులు కట్టేసి ఉంచండి. డాక్టరు నోటి ద్వారా అయస్కాంతం వేసి, 3–5 రోజులు యాంటీబయాటిక్ ఇస్తారు. ఆ మందు ప్రభావం పోయేవరకు పాలు వాడకండి, అమ్మకండి. మూడు రోజుల్లో నెమరు వేయకపోతే ఆలస్యం చేయక ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలకు తీసుకెళ్లండి. ఎడమ డొక్క కోసి, పెద్ద పొట్ట గుండా చేయి పెట్టి తీగను తీస్తారు. నొప్పి సూదికి మేత తిందని ఊరుకుంటే తీగ ఎక్కడికీ పోదు.

అయస్కాంతం ఇనుమునే పట్టుకుంటుంది. రాగి తీగనూ, ప్లాస్టిక్ సంచులనూ పట్టదు. అందుకే వామిని ఇంటి పని చోటు నుంచి వెంటనే మార్చండి. కింది పొరలోని కట్టెను మిగతా పశువులకు వేయకండి.