ఏ బాధా లేనప్పుడు హెపటైటిస్-సికి మందులు వాడాలా?

ప్రశ్న: నా వయసు 47. హెర్నియా ఆపరేషన్‌కు ముందు చేసిన రక్తపరీక్షలో హెపటైటిస్-సి పాజిటివ్ వచ్చింది. వైరల్ లోడ్ పరీక్షలోనూ వైరస్ ఉందని తేలింది. 12 వారాలు మాత్రలు వాడమన్నారు. నాకైతే ఏ బాధా లేదు. గతంలో మా మేనమామ ఇదే జబ్బుకు ఇంజెక్షన్లు తీసుకుని, ఆ అవస్థ పడలేక మధ్యలోనే మానేశారు. నేను షుగర్‌కు ఇన్సులిన్, గ్యాస్‌కు రోజూ పరగడుపున ఓ మాత్ర వాడతాను. కొన్నాళ్లు ఆగి చూడొచ్చా?

జవాబు: ఆగకండి. కాలేయం చాలావరకు దెబ్బతినేదాకా పైకి ఏమీ తెలియనివ్వదు. ఈ వైరస్ ఇరవై, ముప్పై ఏళ్లు చడీచప్పుడు లేకుండా దాన్ని గట్టిపరుస్తూ పోతుంది. పొట్టలో నీరు చేరి, కాళ్లు వాచాక వచ్చినా వైరస్‌ను పోగొట్టవచ్చు. కానీ అప్పటికి పాడైన కాలేయం మళ్లీ మామూలు కావడం కష్టం. అందుకే ఏ బాధా లేని ఈ రోజే మందు మొదలుపెట్టడానికి మంచి సమయం.

మీ మేనమామగారు తీసుకున్నవి బహుశా ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు. నెలల తరబడి జ్వరం, ఒళ్లునొప్పులు, దిగులు. అంతా ఓర్చుకున్నా దాదాపు సగం మందికే నయమయ్యేది. 2013లో సోఫోస్‌బువిర్ వచ్చాక కథ మారిపోయింది. వైరస్ తన నకళ్లు తయారుచేసుకునే ఎంజైమునే ఇది అడ్డుకుంటుంది. దానికి వెల్‌పటాస్‌విర్ కలిపిన మాత్ర రోజుకొకటి చొప్పున 12 వారాలు వాడితే నూటికి 95 మందికి పైగా వైరస్ పూర్తిగా పోతోంది. కాస్త తలనొప్పి, నీరసం ఉండొచ్చు, అంతే.

మీరు మాటవరసకు రాసిన గ్యాస్ మాత్ర దగ్గర నేను ఆగాను. వెల్‌పటాస్‌విర్ ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి ఆ ఆమ్లాన్నే తగ్గిస్తాయి. మీకు హెపటైటిస్‌కు రాసింది వెల్‌పటాస్‌విర్ ఉన్న మాత్రే అయితే, ఆ 12 వారాలు గ్యాస్ మాత్ర మానవచ్చేమో డాక్టర్‌ను అడగండి. గుండె లయకు వాడే అమియోడరోన్, టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు వాడే కార్బమజెపిన్ కూడా ఈ మందుతో పడవు. మీరు వాడే మందుల స్ట్రిప్పులన్నీ ఓ కవర్లో వేసుకుని వెళ్లి చూపించండి. వైరస్ తగ్గేకొద్దీ షుగర్ పడిపోవచ్చు కాబట్టి గ్లూకోమీటర్‌తో తరచూ చూసుకోండి, ఇన్సులిన్ డోసు తగ్గించాల్సి రావచ్చు.

హెపటైటిస్-బి పరీక్ష చేశారో లేదో కూడా కనుక్కోండి. అది లోపల ఉంటే, సి తగ్గాక విజృంభించే ప్రమాదముంది.

కోర్సు ముగిసిన 12 వారాలకు వైరల్ లోడ్ పరీక్ష చేయించుకోవాలి. అప్పుడు వైరస్ కనబడకపోతే నయమైనట్టే. వైరస్‌పై ఒంట్లో తయారైన రక్షక పదార్థాలను చూసే యాంటీబాడీ పరీక్ష మాత్రం ఆ తర్వాతా పాజిటివ్‌గానే ఉంటుంది. ఎప్పుడో ఉద్యోగానికో, ఆపరేషన్‌కో చేసిన పరీక్షలో అది చూసి, జబ్బు తిరగబెట్టిందని వణుకుతూ వచ్చేవాళ్లున్నారు. మీరు ఆ టెన్షన్ పడకండి. సిరోసిస్, అంటే కాలేయం బాగా గట్టిపడిన స్థితి ఉందని తేలితే మాత్రం, వైరస్ పోయినా ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ తప్పదు.

ఇంట్లోవాళ్లతో కలిసి తినండి, పిల్లల్ని దగ్గరికి తీసుకోండి. వాటివల్ల ఇది అంటదు. రేజరు, టూత్‌బ్రష్, గోళ్లు తీసుకునే కత్తెర మాత్రం ఎవరివి వాళ్లకే ఉండాలి. దీనికి టీకా లేదు, నయమయ్యాక కూడా మళ్లీ సోకవచ్చు.