వాల్వుల హోమ్ థియేటర్‌కు ఆరున్నర లక్షలు: అప్పు చేయాలా, ఎఫ్‌డీ తీయాలా?

ప్రశ్న: కాకినాడలో జూనియర్ కాలేజీ లెక్చరర్‌ని. వయసు 52. చేతికొచ్చే జీతం 98 వేలు. ఇంటి లోను ఈఎంఐ 24 వేలు, ఇంకా తొమ్మిదేళ్లుంది. ఇంటి ఖర్చు 50 వేలు. అమ్మాయి బీటెక్ మూడో సంవత్సరం. ఎఫ్‌డీల్లో 9 లక్షలు, పీపీఎఫ్‌లో 11 లక్షలు ఉన్నాయి. మా నాన్న కోనసీమలో టూరింగ్ టాకీస్ ఆపరేటర్‌గా చేశారు. మేడ మీద ఖాళీ గదిలో వాల్వ్ ఆంప్లిఫయర్ (పాత రేడియోల్లోలా గాజు గొట్టాలతో నడిచేది), పాతకాలపు ప్రొజెక్టర్‌తో చిన్న థియేటర్ పెట్టుకోవాలని ఎన్నాళ్లుగానో కోరిక. 300బి అనే రకం వాల్వుల ఆంప్లిఫయర్ 1.8 లక్షలు, స్పీకర్లు 1.4 లక్షలు, సెకండ్ హ్యాండ్ సీఆర్‌టీ ప్రొజెక్టర్ (పాత టీవీల్లోలా పిక్చర్ ట్యూబులతో నడిచేది) 1.1 లక్షలు, 16 ఎంఎం ఫిల్మ్ ప్రొజెక్టర్ 40 వేలు, గది పని, ఏసీ, తెర కలిపి 1.8 లక్షలు అవుతుందని అంచనా. బ్యాంకు 14 శాతానికి 5 లక్షల పర్సనల్ లోను మూడేళ్లకు ఇస్తానంటోంది. ఇవి పాతబడేకొద్దీ ధర పెరుగుతాయి, పెట్టుబడి అనుకో అంటున్నాడు మిత్రుడు. మా ఆవిడ ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: మాస్టారూ, లోను సంగతి ముందు తేల్చేద్దాం. 5 లక్షలకు 14 శాతం చొప్పున 36 నెలల ఈఎంఐ సుమారు 17,090 రూపాయలు. మూడేళ్లకు కట్టేది 6.15 లక్షలు. ప్రస్తుతం మీకు నెలకు మిగిలేదే 24 వేలు. అందులోంచి 17 వేలు పోతే చేతిలో ఏడు వేలు. ఈలోగా అమ్మాయి చివరి సంవత్సరం ఫీజు వస్తుంది, ఆ తర్వాత పైచదువంటుందో ఇంకేమంటుందో. కాబట్టి లోను వద్దు. పీపీఎఫ్ జోలికి అసలే వెళ్లకండి.

మీ మిత్రుడి మాట గురించి. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నారే, అది ఇలాంటి సామాన్ల గురించే. వాల్వులు వాడేకొద్దీ అరిగిపోతాయి. మిగిలేది ట్రాన్స్‌ఫార్మర్లు, డబ్బా. దాన్ని కొనేవాడు మీ ఊళ్లో దొరకడు, చెన్నైలోనో బెంగళూరులోనో దొరికితే ఇరవై కిలోల పెట్టెను పగలకుండా పంపే ఖర్చు మీదే. ఆదాయపు పన్ను చట్టం లెక్కలో కూడా ఇది ఇంట్లో వాడుకునే వస్తువే. రేపు లాభానికి అమ్మితే మూలధన లాభాల పన్ను పడదు, నష్టానికి అమ్మితే ఆ నష్టాన్ని ఎక్కడా చూపించుకోలేరు. సరదాకి పెట్టే ఖర్చని ఒప్పుకుంటే లెక్క తేలికవుతుంది.

సరదాకి ఎంత? మీ 9 లక్షల ఎఫ్‌డీల్లో 4 లక్షలు ఆపత్కాలానికి. ఇంటి ఖర్చు, ఈఎంఐ కలిపి నెలకు 74 వేలు కాబట్టి అవి ఐదు నెలలకు పైగా వస్తాయి. మూడు లక్షలు అమ్మాయి చదువుకు. మిగిలిన రెండు లక్షలు మీవి. వాటి కోసం పెద్ద ఎఫ్‌డీని మధ్యలో విరిచి వడ్డీ పోగొట్టుకోకండి, ముందుగా గడువు తీరేదాన్ని తీసుకోండి. దాంతోపాటు నెలకు 15 వేలతో ఒక రికరింగ్ డిపాజిట్ మొదలుపెడితే 18 నెలల్లో 2.7 లక్షలు, పైన కొంచెం వడ్డీ. అంటే మీ థియేటర్ 4.7 లక్షల థియేటర్. ఒక్కసారిగా కాదు, ఏడాదిన్నరలో.

ఇప్పుడు మీ పట్టికలో ఏది ఉండాలి, ఏది పోవాలి. నేను సౌండ్ ఇంజినీర్ని కాను గానీ, డబ్బు ఎటు కారుతుందో చూడ్డం నా పని. ఇక్కడ అది కారేది ఆంప్లిఫయర్‌కూ స్పీకర్‌కూ మధ్య.

300బి వాల్వును 1930లలో అమెరికా సినిమా హాళ్ల ఆంప్లిఫయర్లలో వాడేవారు. ఒక్కో చానెల్‌కు, అంటే ఒక్కో స్పీకర్‌కు, ఒక్క వాల్వుతో చేసే ఆంప్లిఫయర్ ఇచ్చేది 8 వాట్ల చిల్లర. అంత తక్కువతో హాలు ఎలా నిండేదంటే, అక్కడి హార్న్ (బాకా ఆకారపు) స్పీకర్లు చిన్న శక్తినే పెద్ద శబ్దంగా మార్చేవి. మన షోరూముల్లోని మామూలు స్పీకర్ సెన్సిటివిటీ, అంటే ఒక్క వాటిస్తే మీటరు దూరంలో వచ్చే శబ్దం, 87 డెసిబెల్స్ ఉంటుందనుకోండి. 8 వాట్లిస్తే మీటరు దూరంలో 96 డెసిబెల్స్ వస్తాయి. పాటలకు సరిపోతుంది, సినిమాలో పిడుగు పడే సన్నివేశానికి చాలదు. అదే 93 డెసిబెల్స్ స్పీకర్ అయితే 102. ఆ ఆరు డెసిబెల్స్‌ను ఆంప్లిఫయర్ వైపు నుంచి తేవాలంటే శక్తి నాలుగింతలు కావాలి. అందుకని స్పీకర్ల మీద మీరనుకున్న 1.4 లక్షల్లో ఒక్క రూపాయి కూడా తగ్గించకండి, ముందు అవే కొనండి. ఇంట్లో ఉన్న పాత స్టీరియోకే తగిలించి ఆరు నెలలు వినండి. ఆంప్లిఫయర్ తర్వాత రావచ్చు. ఇద్దరు ముగ్గురు కూర్చునే గదికి రెండు స్పీకర్లు చాలు, ఐదు చానెళ్లకూ వాల్వులు పెట్టాలన్న ఆలోచన ఉంటే మానుకోండి.

300బి బదులు ఈఎల్34 అనే రకం వాల్వుల పుష్-పుల్ (చానెల్‌కు రెండు వాల్వులు జతగా పనిచేసే) ఆంప్లిఫయర్ కూడా వినండి. 30 వాట్ల పైచిలుకు ఇస్తుంది, 1.3 లక్షల్లో చూడండి. వాల్వులు మార్చాల్సి వచ్చినప్పుడు తేడా ఇంకా బాగా తెలుస్తుంది. వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ 300బి జత దాదాపు 1,500 డాలర్లు. ఈఎల్34లు రష్యా, స్లొవేకియా, చైనాల నుంచి వస్తాయి. రోజుకు మూడు గంటలు వాడితే ఏడాదికి వెయ్యి గంటలు దాటుతుంది, పవర్ వాల్వులు రెండు మూడేళ్లకు మార్చాలి. నాలుగింటి సెట్టుకు 12 వేలనుకున్నా నెలకు నాలుగైదు వందలు పక్కన పెట్టాలి. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వారు ఒకప్పుడు చేసిన వాల్వులు పాత స్టాకులో ఇంకా దొరుకుతుంటాయి, మీ ఆంప్లిఫయర్‌కు సరిపోయేది ఉంటే ఒకటి రెండు కొని దాచుకోండి.

కరెంటు బిల్లు గురించి మీ శ్రీమతి గారు అడిగి ఉంటారు. ఆంప్లిఫయర్ 200 వాట్లు లాగినా నెలకు 18 యూనిట్లే. అసలు తినేది ఏసీ. వాల్వులు గదిని వేడెక్కిస్తాయి, తలుపులు మూసి చీకటి చేయాలి, కాకినాడ ఉక్క సంగతి నేను చెప్పక్కర్లేదు. ఏసీ గంటకు ఒక్క యూనిట్ తీసుకున్నా నెలకు 90 యూనిట్లు, ఆ అదనపు యూనిట్లకు పై శ్లాబు రేటు పడవచ్చు. ఇంకొకటి, ఆంప్లిఫయర్ లోపల 400 వోల్టుల దాకా ఉంటుంది, స్విచ్ ఆపేశాక కూడా కెపాసిటర్లలో కొంతసేపు నిలిచే ఉంటుంది, మీరే మూత విప్పకండి.

సీఆర్‌టీ ప్రొజెక్టర్ కొట్టేయండి. నలుపును నలుపుగా చూపడంలో దానికి పేరుంది, నిజమే. కానీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు ట్యూబుల బొమ్మలు తెర మీద కచ్చితంగా ఒకదానిమీద ఒకటి కూర్చోవాలి, అది కదిలినప్పుడల్లా మళ్లీ సరిచేయాలి. పెద్దవి మనిషి బరువుంటాయి. ట్యూబు పోతే కొత్తది రాదు, ఇంకో చచ్చిన ప్రొజెక్టర్‌లోంచి తీయాలి. లక్షా పది వేలు పోసి విడిభాగాల వేటలో పడతారు. 70 వేలల్లో వారంటీ ఉన్న మామూలు డిజిటల్ ప్రొజెక్టర్ కొనండి.

16 ఎంఎం ప్రొజెక్టర్ దగ్గర నేను కాస్త మెత్తబడతాను. ఎనిమిదేళ్ల కిందట సికింద్రాబాద్‌లో ఒక పాత సామాన్ల దుకాణంలో ఇలాంటిదే 14 వేలకు కొన్నాను. అక్కడ బల్బు వెలిగింది, మోటారు తిరిగింది, చాలనుకున్నాను. ఇంటికొచ్చి రీలు ఎక్కిస్తే పళ్ల చక్రం అరిగిపోయి ఫిల్ము అంచు రంధ్రాలను టకటకా చింపుకుంటూ పోయింది. దాంతోపాటిచ్చిన రెండో డబ్బా మూత తీస్తే గుప్పున వెనిగర్ వాసన. అసిటేట్ ఫిల్ము కుళ్లుతోందని దానర్థం, ఆ రీలు ముడుచుకుపోయింది. బాగు చేయడానికి తొమ్మిది వేలు. మొత్తం 23 వేల వస్తువు ఇప్పుడు మా హాల్లో పూలకుండీ పక్కన ఉంది, మా ఆవిడ వారానికోసారి దుమ్ము తుడుస్తూ నావైపు చూస్తుంది.

అందుకని మీ ఫిల్ముతో, మీ కళ్ల ముందు పది నిమిషాలు ఆడించాకే డబ్బివ్వండి. 400 అడుగుల రీలు 11 నిమిషాలొస్తుంది. బల్బు ఏ నంబరో రాసుకుని అది ఇప్పుడు దొరుకుతుందో లేదో ముందే చూడండి, 50 గంటలకే రేటు చేసినవీ ఉన్నాయి. అమెరికా నుంచి వచ్చిన సరుకైతే ఇంకో చిక్కు. స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులు తగ్గిస్తుంది గానీ 60 హెర్ట్జ్‌ను తేలేదు. కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి తిరిగే మోటారైతే మన 50 హెర్ట్జ్ మీద సెకనుకు 24 ఫ్రేముల బదులు 20 లాగుతుంది. బొమ్మ నెమ్మదిస్తుంది, పాట శ్రుతి దిగిపోతుంది. ఈ ఫిల్మ్ ప్రొజెక్టర్‌కు 30 వేలు, మరమ్మతుతో కలిపి. మీ నాన్నగారి జ్ఞాపకం కాబట్టి ఈ 30 వేలకు నేను అడ్డు చెప్పను. రోజూ సినిమా చూడటానికైతే మాత్రం ఇది పనికిరాదు. పూర్తి సినిమాకు 1600 అడుగుల రీళ్లు మూడో నాలుగో కావాలి, నడిచే స్థితిలో ఉన్న తెలుగు ప్రింట్లు దొరకడం గగనం.

గది, ఏసీ, తెర 90 వేలల్లో ముగించండి. తెర బదులు తెల్లగా నున్నగా రంగేసిన గోడ, మందమైన ముదురు కర్టెన్లు చాలు. అన్నీ కలిపితే 4.6 లక్షలు. ఎఫ్‌డీలోని రెండు లక్షలు ఈ నెలలో స్పీకర్లకు, గది పనికి పోతాయి. కాస్త తక్కువ పడుతుంది, ఏసీని వచ్చే వేసవికి వాయిదా వేయండి. ఆర్‌డీ డబ్బుతో ఏసీ, డిజిటల్ ప్రొజెక్టర్, చివర్లో ఆంప్లిఫయర్. మీ శ్రీమతి గారికి ఈ తేదీల కాగితం చూపించండి. ఆవిడ అభ్యంతరం సినిమా మీదా లేక అప్పు మీదా అన్నది నాకు ఉత్తరంలో తెలియలేదు, అప్పు మీదే అయి ఉంటుందని నా అనుమానం.

300బి వ్యాపారికి అడ్వాన్సు ఇచ్చేశారా? ఇవ్వకపోతే ఆగండి. మీరు చూసిన స్పీకర్ల వెనకో, కరపత్రంలోనో సెన్సిటివిటీ అంకె ఉంటుంది. అది రాసి పంపండి. 90కి తక్కువుంటే ఆ రెండూ జత కుదరవు.