నీ స్క్రిప్టులో శనివారం ఏదమ్మా?

అమ్మా,

చిన్నపిల్లలకోసం ఈస్టర్ మీద తీయబోయే బొమ్మల సినిమాకు నువ్వు రాసిన స్క్రిప్టు అందింది. ఒకసారి నాకోసం, ఇంకోసారి ఎదురుగా నాలుగేళ్ల పిల్ల కూర్చున్నట్టు పైకి చదివాను. మాట నీకు వశమైంది, అందులో అనుమానం లేదు. ఆ అవ్వ నోరు తెరిస్తే మైదుకూరు పక్క మనిషే మాట్లాడినట్టుంది. కానీ గుడ్ ఫ్రైడే నుంచి ఈస్టర్ ఆదివారానికి ఒక్క కట్‌తో దూకేశావు. మధ్యలో శనివారం ఏమైపోయింది? నన్నడిగితే నీ సినిమా మొత్తం ఆ శనివారంలోనే ఉంది.

సిలువ చంటిపిల్లలకు మరీ పెద్ద సంగతి. పునరుత్థానాన్ని వివరించబోతే పాఠమవుతుంది. ఎదురుచూడడం మాత్రం వాళ్లకు బాగా తెలుసు. నాయన బస్సు ఎప్పుడొస్తుంది, పాయసం ఎప్పుడు చల్లారుతుంది, ఇంకా ఎంతసేపు అని రోజంతా వాళ్లు చేసే పని అదే. దాన్ని రాయి.

ముందు నువ్వు కథలో పెట్టిన ఆ కుందేలు సంగతి తేల్చుకుందాం. గుడ్లగంప మోసుకొచ్చే తెల్ల కుందేలు జర్మనీ నుంచి వచ్చిన ఆచారం. 1682లో ఒక జర్మన్ వైద్యుడు రాసిన దాంట్లో దాని ప్రస్తావన ఉంది. తర్వాతి శతాబ్దంలో పెన్సిల్వేనియాకు వలసపోయినవాళ్లు దాన్ని అమెరికాకు తీసుకెళ్లారు. గుడ్డు వెనక ఇంతకంటే పాత కారణం ఉంది. యూరప్‌లో ఒకప్పుడు ఈస్టర్ ముందరి ఉపవాస దినాల్లో గుడ్లు కూడా ముట్టేవాళ్లు కాదు. కోళ్లకు ఆ నియమం తెలియదు కదా, పెడుతూనే ఉండేవి. పండుగ నాటికి ఇంటినిండా గుడ్లే. మన చెనిక్కాయ చేలల్లో తిరిగే అడవి కుందేలు, అదే చెవులపిల్లి, మనిషి అలికిడైతే చాలు, మాయమైపోతుంది. అది నవ్వుతూ గంపతో ఇంటికొచ్చిందంటే కడప పిల్ల నమ్మదు. కుందేలును వదిలేసి కోడిని పట్టుకో.

కోడి గుడ్లు పొదగడానికి 21 రోజులు. 2027లో ఈస్టర్ మార్చి 28న వస్తుంది. వెనక్కి లెక్కపెడితే మార్చి 7, అదీ ఆదివారమే. ఆ సాయంత్రం అవ్వ గంపలో ఊక పరిచి, తొమ్మిది గుడ్లు పెట్టి, కోడిని పొదగేసిందనుకో. రెండు వారాలకు, అంటే ఈస్టర్‌కు ముందటి ఆదివారం, మట్టలాదివారం. పిల్లలంతా ఈత మట్టలు పట్టుకొని హోసన్నా పాడుతూ వీధిలో పోతుంటే కోడి మాత్రం కదలదు. ఎప్పుడో ఒకసారి దిగి నాలుగు గింజలు తిని, నీళ్లు తాగి మళ్లీ ఎక్కి కూర్చుంటుంది. పాప చెయ్యి పెట్టబోతే ఈకలు ఉబ్బించి గుర్రుమంటుంది. ఇరవయ్యో రోజు సరిగ్గా ఈస్టర్ ముందటి శనివారం. పెంకు పగలకముందే లోపలున్న పిల్ల అరవడం మొదలుపెట్టేది ఇంచుమించు ఆ వేళకే. గుడ్డుకు చెవి ఆనిస్తే సన్నగా వినపడుతుంది, పైనుంచి తల్లి దానికి బదులిస్తుంది. ఏమీ జరగని రోజని నువ్వు కత్తిరించేసిన శనివారం ఇదేనమ్మా.

దీనికి తోడు గుడి గంట ఉంది. నీ కథను కతోలిక గుడి ఉన్న మరియాపురంలో పెట్టావు కాబట్టి ఇది వాడుకోకపోతే అన్యాయం. కతోలిక గుళ్లలో పవిత్ర గురువారం రాత్రి పూజలో ‘దేవునికి మహిమ’ అనే పాట పాడేటప్పుడు గంటలు మోగించి ఆపేస్తారు. మళ్లీ శనివారం రాత్రి జాగరణ పూజలో ఆ పాట దగ్గరే మోగిస్తారు. నాలుగేళ్ల పిల్లకు సంతాపమంటే తెలియకపోవచ్చు, రోజూ మోగే గంట ఈరోజు మోగలేదని మాత్రం తెలుస్తుంది. శుక్రవారం నుంచి నీ సంగీత దర్శకుణ్ణి కూడా కాస్త చేతులు కట్టుకొని కూర్చోమను. చీపురు చప్పుడు, కోడి గుర్రు, ఎండకు వాకిట్లో ఆరేసిన బట్టలు కొట్టుకునే చప్పుడు చాలు. అప్పుడే గుడ్డులోంచి వచ్చే ఆ సన్నటి అరుపు హాల్లో అందరికీ వినబడుతుంది.

మూడో పేజీలో అవ్వ ఉపన్యాసం తీసెయ్. మార్కు సువార్తలో ఆ ఆడవాళ్లు తెల్లవారుజామున సుగంధద్రవ్యాలు పట్టుకొని యేసు సమాధి దగ్గరికి పోతూ, దానికి అడ్డంపెట్టిన ఆ రాయి మనకు ఎవరు దొర్లిస్తారని దారిలో మాట్లాడుకుంటారు. అక్కడ పట్టుకో. నాపరాళ్ల దేశంలో పుట్టిన బిడ్డకు ఎత్తలేని బండ అంటే ఏమిటో ఎవరూ వివరించాల్సిన పనిలేదు.

‘ఆ రాయి నువ్వూ ఎత్తలేవా అవ్వా?’
‘నాతో యాడయితాదిమ్మా.’
‘మరి ఎవురు ఎత్తినారు?’
‘వాళ్లు పొయ్యేసరికే పక్కకు తీసేసుండాది.’

అంతే, మాటలు ఆపి కోడి దగ్గరికి వచ్చెయ్. గుడ్డే సమాధి, కోడిపిల్లే ప్రభువు అని ఎవరి నోటా అనిపించకు. రెండూ పక్కపక్కన పెట్టి ఊరుకో. పెద్దవాళ్లకు అందాల్సింది అందుతుంది, పిల్లలకు కోడిపిల్ల చాలు.

నక్క ఎందుకొచ్చింది? కథకు సంఘర్షణ ఉండాలని ఎవరో క్లాసులో చెప్పుంటారు. చీకట్లో నక్క కళ్లు తెరనిండా వెలిగితే ఆ రాత్రి తల్లులకు నిద్ర ఉండదు. సంఘర్షణ నీ గంపలోనే ఉంది. పెంకు మీద చిన్న పగులు కనబడుతుంది. పిల్ల ముక్కు కొనమీద ఒక గట్టి మొన ఉంటుంది, దాంతోనే లోపలి నుంచి పొడుస్తుంది. బయటపడ్డాక కొద్దిరోజులకు అది రాలిపోతుంది. పగులు కనబడ్డాక పూర్తిగా బయటికి రావడానికి ఒక్కోసారి పూటంతా పడుతుంది. పాప ఆగలేక పెంకు ఒలవబోతుంది. ముందే ఒలిస్తే రక్తం కారి పిల్ల చచ్చిపోవచ్చు. అవ్వ ఆ చిన్న చెయ్యి పట్టుకుంటుంది. తిట్టదు, ఊరికే పట్టుకుంటుంది. నాలుగేళ్ల ప్రేక్షకుడికి నక్కకంటే ఇది ఎక్కువ ఉత్కంఠ, ఎందుకంటే ఒలవాలని వాడి చేతులూ ఉబలాటపడుతుంటాయి.

ఆదివారం తొమ్మిదికి తొమ్మిదీ పిల్లలైనట్టు రాయకు. ఒకటి రాదు. అవ్వ దాన్ని వేరుగా తీసి పెడుతుంది. పాప ‘ఇది?’ అంటే ‘ఇది రాలేదమ్మా’ అంటుంది. ఇక్కడ నిర్మాత నీతో గొడవపడతాడు, పండుగ సినిమాలో ఇదేమిటని. గట్టిగా నిలబడు. పిల్లలు ఆ బాధను మోయగలరు. తొమ్మిదీ వచ్చేశాయని అబద్ధం చెబితేనే పసిగడతారు.

బొమ్మల తీరు గురించి అడిగావు. నీ సినిమా 11 నిమిషాలు, అంటే 660 సెకన్లు. సెకనుకు 24 ఫ్రేములు, ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములకు వాడుకున్నా సెకనుకు 12, మొత్తం 7,920 బొమ్మలు. మీ ముగ్గురి వల్ల అయ్యే పని కాదు. ఒకసారి ధర్మవరం పక్కన నిమ్మలకుంటకు పోయి రా. తోలుబొమ్మలు చేసే ఊరు. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును పలచగా చేసి, రంగులు వేసి, భుజం దగ్గర, మోచేతి దగ్గర విడివిడి ముక్కల్ని దారంతో కలుపుతారు. వెనక దీపం పెడితే రంగు వెలుగుతుంది. బొమ్మను మళ్లీ మళ్లీ గీయకుండా కీళ్లు జరుపుకుంటూ తీసే పద్ధతికి అంతకు మించిన గురువులు లేరు. పైగా నీ కథ అంతా వెలుగు చుట్టూనే ఉంది. అవ్వ గుడ్డును దీపానికి అడ్డంపెట్టి లోపలి ఎర్రటి నరాలు చూపించడం, జాగరణ రాత్రి గుడి బయట మంట వేసి పాస్క కొవ్వొత్తి, అదే ఈస్టర్ పెద్ద కొవ్వొత్తి, వెలిగించడం, చీకటి గుడిలో ఒకరి కొవ్వొత్తి నుంచి ఇంకొకరిది అంటుకోవడం. ఇవన్నీ ఆ తోలు మీద ఎట్లా పలుకుతాయో ఊహించుకో.

రంగుగుడ్లు కావాలని నీకుంటే ప్లాస్టిక్‌వి వద్దు. కర్నూలు ఎర్రగడ్డల పొట్టు ఉంది కదా. గుడ్డుమీద తడిపిన మునగాకు అంటించి, పాతచీర పేలికతో బిగించి కట్టి, ఆ పొట్టుతో పాటు ఉడికిస్తే గుడ్డంతా ఇటుకరంగుకు తిరిగి, ఆకు ఉన్న మేర తెల్లగా అచ్చు పడుతుంది. ముడి విప్పే చేతుల్ని దగ్గరగా చూపించు, తొందరపడకుండా. సినిమా అయిపోయాక పిల్లలు వంటింట్లోకి పరుగెత్తాలి.

చివర్లో కలివికోడిని పెట్టాలన్న నీ ఆశ అర్థమైంది. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిపోయిందనుకున్నాక 1986లో మన లంకమల దగ్గర మళ్లీ దొరికిన పక్షి, ఈస్టర్‌కు ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ ఒకటి పోయిందనుకున్నామని తెలిసినవాళ్లకే తిరిగొచ్చిన సంతోషం తెలుస్తుంది. పదేళ్ల పిల్లలకు వేరే సినిమా రాయి, అందులో పెట్టు.

తిరగరాశాక గుళ్లో సత్యోపదేశానికి వచ్చే చిన్నపిల్లల ముందు పైకి చదువు. వాళ్లు నవ్విన చోట సంతోషపడి ఊరుకోకుండా, ఎక్కడ లేచి నీళ్లకు పోయారో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకో. దసరాలోపు నాకు పంపితే బొమ్మలవాళ్లకు ఐదారు నెలలైనా మిగులుతాయి. నిమ్మలకుంటకు పోయేటప్పుడు చెప్పు, ఆరోగ్యం బాగుంటే నేనూ వస్తా.

ఆశీస్సులతో,
మీ మాస్టారు