ఎన్‌సీసీ, ఎన్ఎస్ఎస్, కెరీర్ క్లబ్: ఇంటర్‌లో దేనికి పేరివ్వాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఖమ్మం జిల్లాలో ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఎంపీసీ మొదటి సంవత్సరంలో చేరింది. ఎన్‌సీసీ, ఎన్ఎస్ఎస్, కాలేజీలో కొత్తగా పెట్టబోయే కెరీర్ క్లబ్, మూడింటికీ పేరిస్తానంటోంది. ఆర్మీలో ఆఫీసరు కావాలని దాని కోరిక. ఎంసెట్ చదువు పాడవుతుందని వాళ్ల నాన్న వద్దంటున్నారు. ఏం చేయమంటారు? (ఒక తల్లి)

జవాబు: మూడూ కుదరవమ్మా. ఎన్‌సీసీలో ఉన్నవాళ్లు అదే సమయంలో ఎన్ఎస్ఎస్‌లో ఉండకూడదన్నది నిబంధన. కాబట్టి ముందు ఆ రెండింటిలో ఒకటి తేల్చుకోవాలి. అమ్మాయి మనసు ఆర్మీ మీద ఉంది కనుక ఎన్‌సీసీకే పేరివ్వమనండి.

ఎన్ఎస్ఎస్ తక్కువదని కాదు. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం పూర్తిచేస్తే సర్టిఫికెట్ వస్తుంది. సోషల్ వర్క్, ప్రజారోగ్యం, టీచింగ్ వైపు వెళ్లే పిల్లలకు అది మంచి పునాది. మీ అమ్మాయి దారి వేరు, అంతే.

ఇక ఎన్‌సీసీ లెక్క చూద్దాం. కాలేజీ స్థాయిలో అమ్మాయిల విభాగాన్ని సీనియర్ వింగ్ అంటారు. రెండేళ్ల శిక్షణ తర్వాత 'బి' సర్టిఫికెట్ పరీక్ష రాయవచ్చు. దానికి రెండు షరతులు: పరేడ్లు, క్లాసుల్లో 75 శాతం హాజరు, కనీసం ఒక క్యాంపు. బెటాలియన్ పెట్టే వార్షిక శిక్షణ శిబిరం పది రోజులు ఉంటుంది. పిల్లలు దెబ్బతినేది ఇక్కడే. క్యాంపును రెండో ఏడాదికి వాయిదా వేస్తారు, అప్పటికి ప్రాక్టికల్స్, ప్రీ ఫైనల్స్, ఎంట్రన్స్ కోచింగ్ అన్నీ మీద పడతాయి. ఇంట్లోవాళ్లు పరేడ్ మాన్పిస్తారు, హాజరు తగ్గుతుంది, ఏడాదిన్నర కష్టం సర్టిఫికెట్ లేకుండానే ముగుస్తుంది. అందుకే క్యాంపు మొదటి సంవత్సరంలోనే పూర్తిచేయించండి. ఆ పది రోజుల పాఠాల నోట్సు ఏ స్నేహితురాలు ఇస్తుందో వెళ్లే ముందే మాట్లాడుకోవాలి. హాజరు శాతాన్ని ఎన్‌సీసీ చూసే లెక్చరర్‌ని నెలకోసారి అడిగి పుస్తకంలో రాసుకోమనండి. బడిలో 'ఎ' సర్టిఫికెట్ తీసుకుని ఉంటే 'బి' పరీక్షలో బోనస్ మార్కులుంటాయి. చేరేటప్పుడే దాని కాపీ ఇవ్వండి.

వాళ్ల నాన్నగారి భయం విషయానికొస్తే, ఇంజినీరింగ్ ప్రవేశాల్లో ఎన్‌సీసీకి 1 శాతం రిజర్వేషన్ ఉంది. కానీ 'బి' ఉంటే సీటు ఖాయమని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ సీట్లు ప్రాధాన్య క్రమంలో ఇస్తారు, రిపబ్లిక్ డే క్యాంపు లాంటి జాతీయ స్థాయి శిబిరాలకు వెళ్లినవాళ్లు ముందుంటారు. ప్రత్యేక కేటగిరీ సర్టిఫికెట్ల పరిశీలన తేదీలు కూడా వేరుగా ప్రకటిస్తారు, ఆ రోజు ఒరిజినల్ చేతిలో ఉండాలి. కాబట్టి ర్యాంకు కోసం చదువుకోవాల్సిందే. కోటా దొరికితే సంతోషం.

ఆర్మీకి మీ అమ్మాయి ముఖ్యంగా చూడాల్సిన దారులు రెండు. మొదటిది ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) ప్రవేశ పరీక్ష. ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగానే దరఖాస్తు చేయవచ్చు, వయసు పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర మధ్య ఉండాలి. గణితానికి 300, జనరల్ ఎబిలిటీకి 600 మార్కులు, ఆపైన ఎస్ఎస్‌బీ (ఆఫీసర్ల ఎంపిక కోసం సర్వీసెస్ సెలక్షన్ బోర్డు చేసే ఇంటర్వ్యూ)కి 900. గణితం చాలావరకు ఇంటర్ సిలబస్సే, అంటే ఎప్‌సెట్ (మీరన్న ఎంసెట్‌కు ఇప్పటి పేరు) చదువు ఇక్కడా పనికొస్తుంది. తప్పు జవాబుకు మార్కు కోత ఉంటుంది, అది మాత్రం విడిగా సాధన చేయాలి. అమ్మాయిల తొలి బ్యాచ్ 2025 మేలో ఎన్‌డీఏ నుంచి బయటికొచ్చింది, పదిహేడు మంది.

రెండోది డిగ్రీ తర్వాత. ఎన్‌సీసీలో 'బి' తర్వాత వచ్చే 'సి' సర్టిఫికెట్‌లో కనీసం 'బి' గ్రేడ్, డిగ్రీలో 50 శాతం మార్కులు ఉంటే ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీకి దరఖాస్తు చేయవచ్చు. రాత పరీక్ష ఉండదు, షార్ట్‌లిస్ట్ అయితే నేరుగా ఎస్ఎస్‌బీకి పిలుస్తారు. 'సి' రావాలంటే మూడో ఏడాది శిక్షణ కావాలి, అది డిగ్రీలోనో ఇంజినీరింగ్‌లోనో జరగాలి. కనుక రేపు వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు ఆ కాలేజీలో అమ్మాయిలకు ఎన్‌సీసీ ఉందో లేదో తప్పకుండా కనుక్కోండి. చాలామంది ఇది మరచిపోయి 'బి' దగ్గరే ఆగిపోతారు.

కెరీర్ క్లబ్‌కు వారానికి ఒక పీరియడ్ చాలు, ఎన్‌సీసీకి అడ్డు రాదు. అయితే ఇలాంటి క్లబ్బులు మొదటి సమావేశానికి అరవై మందితో మొదలై మూడోదానికి ఆరుగురితో మిగులుతాయి. వచ్చినవాళ్లకు చేయడానికి పని లేకపోవడమే కారణం. పదిహేను మంది సభ్యులు, బాధ్యత తీసుకునే ఒక లెక్చరర్, హాజరు రిజిస్టరు ఉంటే మొదలుపెట్టవచ్చు. మొట్టమొదటి పని తేదీల బోర్డు: జేఈఈ మెయిన్, ఎన్‌డీఏ, ఎప్‌సెట్ దరఖాస్తు గడువులు, సీఈసీ పిల్లల కోసం సీఏ ఫౌండేషన్ రిజిస్ట్రేషన్ (పరీక్షకు నాలుగు నెలల ముందే చేయాలి). దాన్ని ప్రతి సోమవారం ఇద్దరు సరిచూడాలి.

రెండో పని, నెలకు ఒకరిని పిలవడం. పెద్ద పేరున్నవాళ్లే రావాలని పట్టుపట్టొద్దు. మండల సర్వేయరు, ల్యాబ్ టెక్నీషియన్, బ్యాంకు ఉద్యోగి, విద్యుత్ శాఖ ఏఈ ఊళ్లోనే దొరుకుతారు. రెండు వారాల ముందు ప్రిన్సిపాల్ సంతకంతో ఉత్తరం ఇచ్చి, పిల్లల దగ్గర పది ప్రశ్నలు రాయించి దానితో జతచేయాలి. శాలువాలు, స్వాగతోపన్యాసాలకే అరగంట పోతే పిల్లల ప్రశ్నలకు చోటుండదు, వాటిని ఐదు నిమిషాల్లో ముగించమనండి.

మూడోది చిన్నగా కనిపించినా ఎందరికో మేలు చేస్తుంది. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో ప్రతి సభ్యుడిదీ చూడాలి. తేడా ఉంటే ఇప్పుడే దిద్దించుకోవాలి, దరఖాస్తుల కాలంలో మీసేవ, ఆధార్ కేంద్రాల దగ్గర క్యూలో రోజులు పోతాయి.

ఎన్‌సీసీ యూనిట్లో సీట్లు పరిమితం, ఎంపిక ఏడాది మొదట్లోనే ముగుస్తుంది. ఈ వారమే కాలేజీకి వెళ్లండి. అమ్మాయిలకు ఎన్ని సీట్లున్నాయి, పరేడ్ ఏ రోజుల్లో, ఈ ఏడాది క్యాంపు ఎప్పుడు అని అడిగి, ఆ కాగితం వాళ్ల నాన్నగారి ముందు పెట్టి ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోండి.