షుగర్ ఉన్న పిల్లిని వదిలి అయిదు రోజులు ఊరెళ్లాలంటే

కడపలోనే ఉంటాం, పదకొండేళ్ల పిల్లికి పొద్దున, రాత్రి ఇన్సులిన్ వేయాలి, వచ్చే నెల పెళ్లికి అయిదు రోజులు హైదరాబాద్ వెళ్తున్నాం, వెంట తీసుకెళ్లాలా లేక ఎవరింట్లోనైనా వదలాలా అని అడిగారు. రెండూ వద్దు. పిల్లిని దాని ఇంట్లోనే ఉంచి, మనిషిని మీ ఇంటికి రప్పించుకోండి. కొత్త చోటికి తీసుకెళ్తే చాలా పిల్లులు మంచం కింద దూరి తిండి మానేస్తాయి, తినని పిల్లికి మామూలు డోసు వేస్తే షుగర్ మరీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది.

మా పిల్లి నల్లోడికి షుగర్ వచ్చి మూడేళ్లయింది. మొదటిసారి ఊరెళ్లినప్పుడు కింది పోర్షన్‌లో ఉండే పెద్దమ్మకు అప్పజెప్పాం. ఆమెకు ఇరవై ఏళ్లుగా షుగర్, తన ఇంజెక్షన్ తనే వేసుకుంటుంది, ఇంతకన్నా తెలిసినవాళ్లు ఎవరుంటారని ధైర్యంగా వెళ్లిపోయాం. మూడో రోజు మేమిచ్చిన సిరంజిలు అయిపోయాయి, లెక్క తప్పి తక్కువ పెట్టి వెళ్లింది మేమే. పాపం పూట తప్పకూడదని ఆమె తన సిరంజితోనే వేసింది. రెండు యూనిట్లే, మేం చెప్పినంతే. కానీ ఆమెది ఎర్ర మూత సిరంజి, మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే ఇన్సులిన్‌కు సరిపోయేది. నల్లోడికి వేసే గ్లార్జిన్ అనే ఇన్సులిన్ మిల్లీలీటరుకు 100 యూనిట్లది, దానికి నారింజ మూత సిరంజి వాడాలి. ఎర్ర మూతదాంట్లో రెండో గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది అయిదు యూనిట్లు.

నాలుగు గంటల తర్వాత ఫోన్ చేసింది. "నాయనా, పిల్లి తూలతాంది, పిలిస్తే పలకల్యా" అంది, గొంతు వణుకుతోంది. తేనె వేలికి తీసుకుని చిగుళ్లకు రాయమన్నాను, నోట్లో మాత్రం పోయొద్దని చెప్పాను, మింగలేని స్థితిలో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆటోలో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది, గ్లూకోజ్ ఎక్కించారు, బతికాడు. ఆమె తప్పు లేదు. సిరంజిల్లో తేడా ఉందని నేను ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది.

ఇప్పటికీ మేం ఊరెళ్తే పెద్దమ్మే చూసుకుంటుంది. కాకపోతే బయల్దేరడానికి వారం ముందు నుంచి రెండు పూటలా ఆమెతోనే వేయిస్తాం, నేను పక్కన నిలబడి చూస్తాను. సూది గుచ్చడం రెండు రోజుల్లో వచ్చేస్తుంది. అసలు కష్టం ఎప్పుడు వేయకూడదో తెలుసుకోవడం. అందుకే ముందు తిండి పెట్టాలి, తిన్నది కళ్లతో చూడాలి, ఆ తర్వాతే సూది. ఏమీ తినకపోతే వేయకుండా డాక్టర్‌కు ఫోన్, సగమే తింటే ఎంత వేయాలో మా డాక్టర్ కాగితం మీద రాసిచ్చారు, అది ఫ్రిజ్ తలుపుకు అతికించాం. మీ డాక్టర్‌తో మీ పిల్లికి తగ్గట్టు రాయించుకోండి. పిల్లి కదిలి మందు బొచ్చు మీద కారిపోయిందేమో, లోపలికి పోలేదేమో అని అనుమానమొస్తే మళ్లీ వేయొద్దని గట్టిగా చెప్పండి. ఒక పూట తప్పితే షుగర్ కొంచెం పెరుగుతుంది అంతే, రెండుసార్లు పడితే పిల్లి పోవచ్చు. వేసిన వెంటనే క్యాలెండర్‌లో టిక్ పెట్టి, గిన్నె ఫోటో వాట్సాప్‌లో పంపమనండి. ఇంట్లో ఇంకొకరు కూడా చూసుకుంటుంటే ఆ టిక్ ఇంకా ముఖ్యం.

సిరంజిలు రెట్టింపు పెట్టండి. ఇన్సులిన్ ఫ్రిజ్‌లోనే ఉండాలి, ఫ్రీజర్‌కు ఆనుకోకూడదు, ఒకసారి గడ్డకడితే పారేయడమే. మన ఎండలకు బయట మర్చిపోయినా అంతే. కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తెరవకుండా ఉంచితే చాలు. ఆటోకు, డాక్టర్‌కు డబ్బులు ఆ మనిషి చేతిలో ముందే పెట్టండి, మీ డాక్టర్‌కు ఆ తేదీలు చెప్పండి. ఇక్కడ కుదరకపోతే ప్రొద్దుటూరులో వెటర్నరీ కాలేజీ ఉంది కానీ గంట పైనే ప్రయాణం, అందుకే తేనె సీసా ఎక్కడుందో, ఎలా రాయాలో ఆ మనిషికి తెలిసి తీరాలి.

ఇంకా నెల ఉంది కాబట్టి పెళ్లికి ముందే పిల్లిని ఆ మనిషికి వదిలి, ట్రయల్‌గా ఒక రాత్రి తిరుపతికి వెళ్లి రండి. ఏ తేడా వచ్చినా మూడు నాలుగు గంటల్లో ఇంటికి చేరుకుంటారు.